నవ్వు దేహమునకు చేయు మేలు

"నవ్వు నాలుగు విధాల చేటు" అని మనకొక సామెత కలదు. నలుగురిలో పగలబడి నవ్వుట మర్యాద కాదను భావము దానిలో ఇమిడియున్నది. నాట్యశాస్త్రము కూడ నవ్వును ఆరు విధములుగ విభజించి, పలువరుస కనబడని స్మితమును, కొంచెముగ కనబడు హసితమును ఉత్తములకు కేటాయించెను. కన్నుల నీరు గ్రమ్మ భుజములు కదలించుచు నవ్వు అపహసితమును, పక్కలు పట్టుకొని నవ్వు అతిహసితమును అధములకు విడిచిపెట్టెను. రంగస్థలమునకు ఈ విభజన తగియుండవచ్చును. శరీరశాస్త్ర దృష్టితో చూచినచో మాత్రము ఈ వరుస తారుమారగుచున్నది. ప్రయోగములలో దేహమునకు మేలు చేసినట్లు కనబడినది ఆ అధముల నవ్వే!

మామూలుగా ఊపిరి విడుచునప్పుడు గాలి ఒకే ధారగ వెలుపలికి పోవును. నవ్వునప్పుడు ఉదరవితానము, పక్కటెముకల నడిమి కండరములు, పొట్టకండరములు కలిసి ఆ ధారను ముక్కలు ముక్కలుగ తెగగొట్టును. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ ప్రొవైన్ నవ్వులను రికార్డు చేసి కొలిచెను. ఒక్కొక్క "హ" సెకనులో సుమారు 13వ వంతు కాలము వినబడును. ఒక "హ" మొదలైన తరువాత సెకనులో అయిదవ వంతు గడచుసరికి మరియొక "హ" మొదలగును. ఈ విధముగ ఊపిరి తీయకయే గాలిని వెడలగొట్టుటచే, మామూలు ఉచ్ఛ్వాసనిశ్వాసములలో లోపలనే మిగిలిపోవు గాలిలో చాల భాగము బయటికి వచ్చును. గట్టిగ నవ్విన పిమ్మట పొట్ట నొప్పిపుట్టుటకు కారణము కండరములు పడిన ఈ శ్రమయే. అయితే నవ్వి బరువు తగ్గవచ్చునని ఎవరును ఆశపడనక్కరలేదు. దినమునకు పది పదునైదు నిమిషములు నవ్వినను ఖర్చగు శక్తి 10 మొదలు 40 కిలోకేలరీలు మాత్రమే. అరటిపండులో సగము తిన్నచో ఆ లెక్క చెల్లిపోవును.

నవ్వు రోగములను కుదుర్చునను మాట ఇంతగ వ్యాపించుటకు ఒక రోగి కథ కారణము. 1964లో "సాటర్డే రివ్యూ" అను అమెరికన్ పత్రిక సంపాదకుడు నార్మన్ కజిన్స్ వెన్నుపూసలు, కీళ్లు బిగిసిపోవు జబ్బుతో మంచము పట్టెను. అయిదువందలమందిలో ఒక్కరు మాత్రమే దీనినుండి పూర్తిగ కోలుకొందురని ఆయన వినెను. తన వైద్యుని సమ్మతితో హాస్యచిత్రములు తెప్పించుకొని చూడసాగెను. పది నిమిషములు కడుపార నవ్వినచో రెండు గంటలు నొప్పి తెలియక నిద్రపట్టుచున్నదని గమనించెను. ఆయన కోలుకొనెను. 1976లో ఈ అనుభవమును "న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్"లో ప్రకటించెను. అయితే అదే సమయమున ఆయన విటమిన్ సి ని పెద్ద మోతాదులలో రక్తనాళములలోనికి ఎక్కించుకొనుచుండెను. పైగా కీళ్ల జబ్బులు కొన్ని తమంతట తామే హెచ్చుచు తగ్గుచు నుండును. కనుక ఒక్క రోగి కథనుబట్టి ఇంత ఫలము నవ్వుదే అని తేల్చుటకు వీలులేదు. కాని ఆ కథలో పరీక్షకు నిలువగల అంశమొకటి కలదు. అది నొప్పి. దానిని కొలువవచ్చును.

ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు 2011లో ప్రకటించిన ప్రయోగములు ఇట్టివే. కొందరికి హాస్యచిత్రములు, మరికొందరికి నవ్వు పుట్టింపని చిత్రములు చూపిరి. చూచుటకు ముందును తరువాతను వారి చేతికి గడ్డకట్టిన మంచుతొడుగు తొడిగియో, రక్తపోటు కొలుచు పట్టీ బిగించియో, ఎంతవరకు ఓర్చుకొనగలరో లెక్కించిరి. నవ్వినవారి ఓర్పు పెరిగెను. మనోహరమైన ప్రకృతి దృశ్యములు చూచి సంతోషించినవారి ఓర్పు పెరుగలేదు. అనగా ఈ ఫలము సంతోషమువలన గాక నవ్వువలన వచ్చినదని భావింపవచ్చును. ఎడింబరో నగరపు నాటకోత్సవములో ప్రేక్షకులకు వేరొక పరీక్ష పెట్టిరి. వీపును గోడకానించి, మోకాళ్లు వంచి, లేని కుర్చీలో కూర్చున్నట్లు నిలువవలెను. మన బడిపిల్లలకు దీని పేరు చెప్పనక్కరలేదు. అది గోడకుర్చీయే! హాస్యప్రదర్శన చూచి నవ్వినవారు దానిని మునుపటికంటె ఎక్కువసేపు ఓర్చుకొనిరి.

కండరములు శ్రమపడినప్పుడు మెదడు ఎండార్ఫినులను విడుచును. నల్లమందువలె నొప్పిని మందగింపజేయు ఈ పదార్థములను దేహము తానే తయారుచేసికొనును. 2017లో ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞులు 12మంది పురుషులను మిత్రులతో కలిసి నవ్వనిచ్చి, పిదప వారి మెదళ్లను పరీక్షించి, ఇట్టి పదార్థములు విడుదలైన జాడలు కనుగొనిరి. పండ్రెండుగురు చిన్న సంఖ్యయే, కాని రెండు ప్రయోగములును ఒకే దిక్కును చూపుచున్నవి.

మిత్రులతో కలిసి అనుట గమనింపదగినది. ఒంటరిగ ఉన్నప్పటికంటె నలుగురిలో మనుష్యుడు సుమారు 30 రెట్లు ఎక్కువగ నవ్వునని ప్రొవైన్ లెక్కించెను. 1995లో ముంబయిలో డాక్టర్ మదన్ కటారియా అయిదుగురితో ఒక ఉద్యానములో నవ్వుల సంఘము ప్రారంభించెను. కొలది దినములలోనే చెప్పుకొనుటకు హాస్యోక్తులు అయిపోయెను. అంతట ఊరకే నవ్వుట మొదలుపెట్టగా, ఒకరి నవ్వు చూచి మరియొకరికి నిజముగనే నవ్వు వచ్చెను. నేడు మన నగరముల ఉద్యానములలో ఉదయము వినబడు నవ్వులకు మూలమదియే.

నొప్పిని ఓర్చుకొనుట వేరు, రోగము కుదురుట వేరు. నవ్వు క్షయక్రిములను చంపదు, మధుమేహమును కుదుర్పదు. దానిని నమ్మి మందు మానుట ప్రమాదము. ఉబ్బసముగలవారికి గట్టి నవ్వు ఆయాసము తెప్పింపవచ్చును. పొట్టకు శస్త్రచికిత్స జరిగినవారికి కుట్లవద్ద బాధ కలుగును. ఒకనిని చూచి తరగతియంతయు నవ్వినప్పుడు ఆ ఒక్కనికి కలుగునది ఉపశమనము కాదని ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

గోడకుర్చీ పరీక్షకు ఖర్చు లేదు. ఇంతకాలము శిక్షగ వాడినదానిని ఒకసారి శాస్త్రమునకు వాడవచ్చును. ఇష్టపడిన విద్యార్థులను రెండు జట్లు చేసి, ఒక్కొక్కరు ఎన్ని సెకనులు నిలువగలరో వ్రాసికొనవలెను. ఒక జట్టుకు హాస్యకథను, రెండవదానికి భూగోళ పాఠమును పావుగంట చదివి, మరల కొలువవలెను. మొదటి పరీక్షవలన కలిగిన అలసట రెండు జట్లకును ఉండును గనుక, వాటి నడుమ తేడాయే చూడవలసినది. కథ విన్నను నవ్వనివారిని వేరుగ లెక్కింపవలెను. మోకాళ్ల నొప్పులు, ఉబ్బసము గలవారికి గడియారము చూచు పని అప్పగించిన చాలును.