లాప్‌టాప్‌కు రెండో తెర, మెడకు ఊరట



2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాదు, బెంగళూరుల నుండి మన కోనసీమ పిల్లలు చాలామంది లాప్‌టాప్‌లతో ఇళ్ళకు వచ్చారు. ఆఫీసులు తెరిచాక కూడా కొందరు వారంలో కొన్ని రోజులు ఇంటి నుండే పని చేస్తున్నారు. మంచం మీద, ఒళ్ళో, అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకొని ఎనిమిదేసి గంటలు కూర్చుంటే మెడ నొప్పి, భుజాల బిగువు, కళ్ళ మంట తప్పవు. మాత్ర వేసుకుంటే నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది, ఎందుకంటే కారణం కూర్చునే తీరులో ఉంది. అందుకే ఈసారి లాప్‌టాప్‌కు రెండో తెర అమర్చుకోవడం గురించి రాస్తున్నాము.

నొప్పి ఎందుకు వస్తుంది?

లాప్‌టాప్‌లో తెర, కీబోర్డు కలిసే ఉంటాయి. చేతులకు అందేలా కింద పెడితే మెడ వంచాలి. తెరను కళ్ళ ఎత్తుకు లేపితే చేతులకు ఆనిక ఉండదు. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. తల 60 డిగ్రీలు ముందుకు వంగితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలని అమెరికాలోని వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో లెక్కగట్టారు. 25 కిలోల బియ్యం బస్తా కంటే అది ఎక్కువ.

రోగిని పక్క మార్చేటప్పుడు ముందు మంచం ఎత్తు సరిచేసుకోండి, మీ నడుము వంచకండి అని కొత్త నర్సులకు మేము చెబుతాము. ఇక్కడా అంతే. పనిని ఒంటికి తగ్గట్టు అమర్చుకోవాలి.

అమర్చే విధానం

1. గట్టి బల్ల, వీపుకు ఆనిక ఉన్న కుర్చీ చూసుకోండి. కిటికీ తెర వెనుకా మీ వెనుకా కాక, ప్రక్కన ఉండాలి.

2. మానిటర్‌ను చేయి చాపినంత దూరంలో, ఎదురుగా పెట్టండి. దాని పై అంచు కళ్ళ ఎత్తులో గాని, కాస్త క్రిందగా గాని ఉండాలి. బైఫోకల్ అద్దాలవారు ఇంకొంచెం దించుకోవాలి.

3. రెంటినీ హెచ్‌డీఎంఐ తీగతో కలపండి. పాత మానిటర్‌కు వీజీఏ మాత్రమే ఉంటే మధ్యలో కన్వర్టర్ కావాలి. లాప్‌టాప్‌కు యూఎస్‌బీ-సీ మాత్రమే ఉంటే, అది బొమ్మను పంపగలదో లేదో కొనేముందు అడగండి. అన్నీ పంపలేవు.

4. విండోస్ గుర్తున్న మీటను, పి అక్షరాన్ని కలిపి నొక్కి, 'ఎక్స్‌టెండ్' ఎంచుకోండి. అప్పుడు రెండు తెరలూ ఒకే పెద్ద తెరలా పనిచేస్తాయి. బొమ్మ రాకపోతే మానిటర్ బటన్‌తో ఇన్‌పుట్ మార్చి చూడండి.

5. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరవండి. మానిటర్ ఏ ప్రక్కన ఉందో ఆ ప్రక్కకే దాని బొమ్మను జరపండి. అక్షరాలు చిన్నవైతే అక్కడే 'స్కేల్' పెంచండి. ముందుకు వంగి చదవవద్దు.

6. ఎక్కువగా చూసే తెర ఎదురుగా, రెండోది ప్రక్కన ఉండాలి. విడి కీబోర్డు, మౌస్ పెద్ద తెర ముందు పెట్టుకోండి. రోజంతా మెడ ఒకే వైపు తిప్పి ఉంచితే పాత నొప్పి పోయి కొత్త నొప్పి వస్తుంది.

ఇంట్లో టీవీని వాడవచ్చా?

తీగ కలుస్తుంది, బొమ్మ వస్తుంది. కాని గోడకు ఎత్తుగా బిగించిన టీవీని గంటల తరబడి చూస్తే మెడ వెనక్కు వంగుతుంది. దగ్గర నుండి చూస్తే అక్షరాలు మసకగా కనిపించవచ్చు. అప్పుడప్పుడు వాడుకోండి, రోజూ వద్దు.

మానిటర్ కొనలేనివారు లాప్‌టాప్‌ను గట్టి పుస్తకాల దొంతర మీద కళ్ళ ఎత్తుకు లేపి, విడి కీబోర్డు, మౌస్ పెట్టుకున్నా మెడకు చాలావరకు అదే మేలు.

కరెంటు విషయం

లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, మానిటర్‌కు ఉండదు. కరెంటు పోతే మానిటర్ ఆరిపోతుంది గాని, పని లాప్‌టాప్‌లో భద్రంగానే ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్గును ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సును తడి నేల మీద ఉంచవద్దు. ఉరుములు మొదలవక ముందే ప్లగ్గులు తీసేయండి.

కళ్ళకు, ఒంటికి విరామం

తెర చూసేటప్పుడు మనం రెప్పలు తక్కువగా ఆర్పుతాము. అందుకే కళ్ళు ఎండిపోతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని పెరటి కొబ్బరి చెట్టును 20 సెకన్లు చూడండి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. తెరలు రెండైనా కదలకుండా కూర్చుంటే ప్రయోజనం లేదు.

వెంటనే డాక్టరుకు చూపించవలసినవి

నొప్పి చేతిలోకి పాకడం, వేళ్ళు తిమ్మిరెక్కడం, చేతిలో వస్తువులు జారిపోవడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, నడక తూలడం, మూత్రం పట్టు తప్పడం. జ్వరంతో మెడ బిగుసుకున్నా, ఛాతీ బరువుతో ఎడమ చేయి లాగినా తెర సంగతి పక్కనపెట్టి, ఆ క్షణమే ఆసుపత్రికి రండి.

పెద్దలకు ఒక మాట

"ఇంట్లో కూర్చునే కదా చేసేది" అని తేలికగా తీసుకోకండి. ముఖ్యంగా ఇంటి నుండి ఉద్యోగం చేసే కోడళ్ళు, ఆడపిల్లలు చాలాసార్లు బల్లను ఇతరులకు వదిలి, మంచం అంచున కూర్చొని పని చేస్తారు. మధ్యలో వంటా వారిదే. వారికి ఒక బల్ల, ఒక కుర్చీ, గోడ ప్రక్కన కొంచెం చోటు ఇవ్వండి. తెర ఆ తరువాత కొనవచ్చు.