మెడ గ్రంథులలో క్యాన్సర్‌ను గుర్తించుట ఎట్లు?

నల్లగొండ చెంతనున్న పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయము కలదు. అచ్చట గర్భాలయపు గోడపై స్తంభమువంటి నీడ పగలంతయు కదలక నిలిచియుండును. అది దేని నీడయో చూచినంత మాత్రమున తెలియదు. వెలుగు వచ్చు దారులను, స్తంభముల అమరికను విచారించినగాని బోధపడదు. శరీరాంతర్భాగములను చూచుటకు వైద్యులు తీయించు చిత్రములును ఇట్టివే. వానిని సరిగా చదువుట నోటి క్యాన్సర్ రోగులకు ప్రాణముతో ముడిపడిన విషయము.

నోటిలో పుట్టిన క్యాన్సర్ కణములు కొన్ని శోషరసముతో కొట్టుకొనిపోయి, మెడలోని శోషరస గ్రంథులలో చిక్కి, అచ్చటనే పెరుగును. మెడలో ఇట్టి గ్రంథులు సుమారు 300 కలవు. వ్యాధి వీనికి ప్రాకినచో రోగి బ్రతుకు అవకాశము దాదాపు సగమునకు పడిపోవును. గ్రంథి ఉబ్బినపుడు మనము “బిళ్ళ కట్టినది” అందుము. కాని పంటి చీము వలనను, క్షయ వలనను బిళ్ళలు కట్టును. కనుక చేతితో తడిమి చూచుట చాలదు.

అల్ట్రాసౌండ్ పరీక్షలో శబ్దతరంగముల ప్రతిధ్వనులు చిత్రముగా మారును. ఆరోగ్యముగల గ్రంథి చిక్కుడుగింజవలె కోలగా నుండును. క్యాన్సర్ చేరినది తరచు గుండ్రమగును. ఆ చిత్రమును చూచుచునే సన్నని సూదితో కణములను తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షింపవచ్చును. సి.టి. యంత్రము ఎక్స్-కిరణములతో మెడను పొరలు పొరలుగా చూపును. గ్రంథి అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు మించినను, నడిమిభాగము చచ్చి నల్లగా కనబడినను అనుమానింతురు. ఎం.ఆర్.ఐ. అయస్కాంత శక్తితో మెత్తని భాగముల తేడాలను విడదీసి చూపును. పెట్ పరీక్షలో ఫ్లోరిన్-18 కలిపిన గ్లూకోజువంటి పదార్థమును ఎక్కింతురు. క్యాన్సర్ కణములు దానిని ఎక్కువగా పీల్చుకొని చిత్రములో మెరయును. వాచిన మామూలు గ్రంథియు ఒక్కొక్కప్పుడు అట్లే మెరయును!

అయినను, రెండు మూడు మిల్లీమీటర్ల కణసమూహము వీనిలో దేనికిని చిక్కకపోవచ్చును. చిత్రములో ఏమియు లేకున్నంతనే మెడలో వ్యాధి లేదనరాదు. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 2015లో ప్రకటించిన పరిశోధన దీనికి నిదర్శనము. తొలిదశ నోటి క్యాన్సర్ కలిగి, మెడలో బిళ్ళలు కానరాని రోగులను వారు రెండు జట్లు చేసిరి. పుండుతోపాటు మెడ గ్రంథులను కూడ ముందే తొలగించిన జట్టులో మూడేండ్ల పిదప నూటికి 80 మంది జీవించియుండిరి. బిళ్ళ కనబడువరకు ఆగిన జట్టులో 67.5 శాతమే.

మన దేశమున నోటి క్యాన్సర్‌కు ప్రధాన కారణము పొగాకు. మూడు వారములు దాటినను మానని నోటిపుండును, తగ్గని మెడబిళ్ళను, నొప్పి లేదని ఉపేక్షింపక వైద్యునికి చూపవలెను. హైదరాబాదులో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి ఇట్టివారికి చికిత్స చేయు ప్రభుత్వ సంస్థ. బిళ్ళ పెరుగకముందే పోయిన రోగికే చికిత్స ఎక్కువగా ఫలించును.