ఐఫోన్ కావాలా, ఆండ్రాయిడ్ చాలా? షెడ్డులో పనికొచ్చే ఫోను సంగతి

ఈ వారం పురుగుల సంగతి కాదు, జేబులో ఉండే ఫోను సంగతి. గుంపులో చాలామంది అడిగేది ఒకటే: "పిల్లోడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, తన పాత ఐఫోన్ ఇస్తానంటున్నాడు. తీసుకోవాలా? అందులో డబ్బు భద్రమట కదా?"

ఫోను తయారుచేసే కంపెనీ వేరు, లోపల దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ వేరు. శాంసంగ్, వివో, రెడ్‌మీ ఏది కొన్నా లోపల నడిచేది గూగుల్ వాళ్ల ఆండ్రాయిడే. ఐఫోన్‌లో మాత్రం ఆపిల్ వాళ్ల సొంత ఐఓఎస్. 2017లో వచ్చిన జియోఫోన్‌లో కాయ్ ఓఎస్ అని మూడోది ఉండేది. దానికి వాట్సాప్ ఇప్పుడు ఆగిపోయింది కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

ఐఫోన్ మనకు దూరపు వస్తువేమీ కాదు. 2017లో బెంగళూరు పీణ్యలో దాని తయారీ మొదలైంది. తర్వాత కోలార్ జిల్లా నరసాపురలో, అంటే మన మల్బరీ తోటలున్న జిల్లాలోనే ఫ్యాక్టరీ వచ్చింది. 2023లో అది టాటా వాళ్ల చేతికి వెళ్లింది. పక్కనే తయారవుతోంది కదా అని ధర మాత్రం తగ్గలేదు!

ముందు భద్రత చూద్దాం, ఎందుకంటే మన కష్టం అక్కడే ఉంది. రామనగరం, శిడ్లఘట్ట మార్కెట్లలో ఈ-వేలం వచ్చాక గూళ్ల డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడుతోంది. చాకీ తెచ్చిన రోజు నుంచి చంద్రికల మీద గూళ్లు విడిపించే దాకా రాత్రింబవళ్లు పడిన కష్టం ఒక్క మెసేజీగా ఫోనుకి వస్తుంది. దొంగల చూపు కూడా దాని మీదే.

వాళ్లు చేసేది ఇది. పీఎం కిసాన్ అనో, బండి చలానా అనో వాట్సాప్‌లో ఒక ఫైలు పంపుతారు. పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. నొక్కితే యాప్ ఎక్కుతుంది, మెసేజీలు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇస్తే బ్యాంకు ఓటీపీ మనకంటే ముందు వాళ్లకి చేరుతుంది. ఆండ్రాయిడ్‌లో ఇది సాధ్యం, ఎందుకంటే ప్లే స్టోర్ బయటి యాప్‌లను కూడా అది ఎక్కించుకోనిస్తుంది. ఐఫోన్ మీద ఏపీకే ఎక్కదు, మామూలు యాప్ ఏదీ మన మెసేజీలు చదవలేదు. ఈ ఒక్క విషయంలో ఐఫోన్ గట్టిదే, సందేహం లేదు.

కానీ ఆండ్రాయిడ్‌లో ఆ తలుపు మూసే గొళ్లెం మన చేతిలోనే ఉంది. సెట్టింగ్స్‌లో "తెలియని యాప్‌లు" అని వెతికి, వాట్సాప్‌కి, క్రోమ్‌కి, ఫైల్స్‌కి ఆ అనుమతి తీసేయండి. రెండు నిమిషాల పని. ఇది చదవడం ఆపి ఇప్పుడే చేసినా సంతోషం. ఇక ఎవరో ఫోన్ చేసి "పిన్ కొట్టండి, డబ్బు వస్తుంది" అంటే నమ్మి కొట్టేవాళ్లని ఏ ఫోనూ కాపాడలేదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పొరపాటు జరిగిపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు అబ్బాయి ఇచ్చే పాత ఫోను సంగతి. ఐఫోన్‌కి ఆపిల్ చాలా ఏళ్లు అప్‌డేట్‌లు ఇస్తుంది. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కి కూడా 2023 జనవరిలో భద్రతా అప్‌డేట్ వచ్చింది. అయినా 2025 మే నుంచి వాట్సాప్‌కి ఐఓఎస్ 15.1 ఉండాలి. ఐఫోన్ 6 దాకా వెళ్లదు, 6ఎస్ అయితే సరిపోతుంది. 6 తీసుకుంటే ఈ పత్రికే మీకు రాదు! ఆండ్రాయిడ్‌లో చౌక ఫోన్లకి రెండు మూడేళ్లకే అప్‌డేట్‌లు ఆగిపోయేవి. ఇప్పుడు కొంత మారింది, శాంసంగ్ ఏ16 5జీకి ఆరేళ్లు ఇస్తామన్నారు. కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని కాదు, అప్‌డేట్‌లు ఎన్నేళ్లు అని షాపులో అడగండి.

అప్‌డేట్ ఎందుకంటారా? 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞ' అక్షరం ఐఫోన్‌లను పడగొట్టింది. దానికి ఆకారం ఒక ప్రత్యేక రీతిలో కలిపి పంపితే, అందుకున్న ఫోన్‌లో వాట్సాప్‌తో సహా చాలా యాప్‌లు తెరవగానే మూసుకుపోయేవి. తెలుగు రాని దేశాల్లో కూడా ఆ రోజుల్లో తెలుగక్షరం పేరు చెబితే భయపడ్డారు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చింది, వేసుకున్నవాళ్ల ఫోన్లు బాగుపడ్డాయి. ఖరీదైన ఫోనులో తప్పులుండవని అనుకోవద్దు.

వాడకంలో మా ఓటు ఆండ్రాయిడ్‌కే. మెనూ అంతా తెలుగులో పెట్టుకోవచ్చు. గూగుల్ వాయిస్ టైపింగ్‌కి తెలుగు 2017లోనే వచ్చింది. చేతి నిండా ఆకు పసరు ఉన్నా "నాలుగో జ్వరం లేచింది, ఉదయం ఆరింటికి మేత" అని మాట్లాడితే చాలు, అక్షరాలు అవే పడతాయి. పాడైతే బాగుచేసేవాడు తాలూకా సెంటర్లో దొరుకుతాడు. ఐఫోన్ అద్దం పగిలితే మాత్రం ఖర్చు చాలా ఎక్కువ.

షెడ్డులో ఒక చిక్కు ఉంది. ఆకు కోసి కోసి, సున్నం చల్లి గరుకెక్కిన వేళ్లను వేలిముద్ర లాక్ గుర్తుపట్టదు. ఒకే బొటనవేలిని రెండుసార్లు నమోదు చేసి చూడండి, చాలావరకు కుదురుతుంది. ముఖం చూసి తెరుచుకునే ఐఫోన్‌లలో 12 నుంచి పైవాటికి మాస్కుతో కూడా తెరుచుకునే ఏర్పాటు ఉంది, విజేత పొడి చల్లేటప్పుడు పనికొస్తుంది. దానికోసమే అంత డబ్బు పెట్టక్కర్లేదనుకోండి. లాక్ వద్దని తీసేయడం మాత్రం చేయకండి.

మార్కెట్ రద్దీలో ఫోను పోతే రెంటికీ దారి ఒకటే: పోలీసు ఫిర్యాదు, తర్వాత సంచార్ సాథీలో ఐఎంఈఐ నంబరు ఇచ్చి ఫోను బ్లాక్ చేయించడం. *#06# కొడితే ఆ నంబరు కనబడుతుంది. ఈ రోజే చూసి, గుడ్ల చీటీలు రాసుకునే పుస్తకం అట్ట మీద రాసిపెట్టుకోండి.