ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారికి రోజూ పది నిమిషాల తనిఖీ



మన కేతేపల్లి వైపు వడ్ల బస్తాలను హమాలీలు మోయడమే మనకు తెలుసు. కానీ హైదరాబాదు గోదాములకో, గల్ఫ్ దేశాలకో పనికి వెళ్ళిన మన పిల్లలు ఫోర్క్‌లిఫ్ట్ నడపవలసి రావచ్చు. రెండు ఇనుప కొమ్ములతో సరుకు ఎత్తే ఈ బండి చిన్నదిగా కనిపిస్తుంది. అయితే రెండు టన్నులు ఎత్తే బండి తానే మూడు టన్నులకు పైగా తూగుతుంది. దాని బాగోగులు చూడటమంటే మనిషి ప్రాణాన్ని చూడటమే.

బండి ఎక్కే ముందు చూడవలసినవి

1. కొమ్ములు: వంపు దగ్గర పగుళ్ళు, అరుగుదల చూడాలి. మందం పదో వంతు అరిగితే బలం సుమారు 20 శాతం తగ్గుతుంది. అలాంటి కొమ్ములను మార్చాలి.
2. గొలుసులు: రెండూ సమానంగా బిగువుగా ఉండాలి. తుప్పు, విరిగిన లింకులు ఉండరాదు.
3. టైర్లు, బ్రేకులు, హారను, లైట్లు.
4. సీటు బెల్టు: కూర్చొని నడిపే బండి ఒరిగినప్పుడు బయటికి దూకితే దాని కిందే పడతారు. బెల్టు పెట్టుకొని, స్టీరింగు గట్టిగా పట్టుకొని, ఒరిగే వైపుకు ఎదురుగా వంగాలి.
5. బ్యాటరీ: ఛార్జి అవుతున్నప్పుడు మండే వాయువు వస్తుంది. అక్కడ గాలి ఆడాలి, బీడీ వెలిగించరాదు.

అమెరికాలో ఈ తనిఖీ రోజూ చేయాలి. రాత్రింబవళ్ళు నడిచే బండికైతే ప్రతి షిఫ్టు తరువాత చేయాలి. అది అక్కడి నిబంధన. లోపం కనిపిస్తే తాళం తీసి, రిజిస్టరులో రాసి, మెకానిక్ వచ్చేదాకా బండిని ఆపాలి.

సూదిపోటంత గాయం

నర్సులుగా మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. హైడ్రాలిక్ గొట్టానికి సన్నని రంధ్రం పడితే నూనె చాలా ఒత్తిడితో చిమ్ముతుంది. కారుతున్న చోటును చేత్తో తడమరాదు. కళ్ళద్దాలు పెట్టుకొని, అట్టముక్కతో చూడాలి. నూనె చర్మంలోకి దూరితే పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. కొన్ని గంటల్లో చెయ్యి వాచి, లోపలి కండ కుళ్ళుతుంది. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయవలసి వస్తుంది. పిండకండి, కాపడం పెట్టకండి. వెంటనే శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రికి వెళ్ళి, నూనె లోపలికి దూరిందని స్పష్టంగా చెప్పండి.

బ్యాటరీ ఆమ్లం కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా మంచినీళ్ళతో కడిగి, తరువాత ఆసుపత్రికి తీసుకురండి.

తల్లిదండ్రులకు ఒక మాట

బండి ఆపితే మేస్త్రీ కోప్పడతాడని, కూలి పోతుందని పిల్లలు భయపడతారు. ఫోనులో మాట్లాడినప్పుడు "తిన్నావా" అని అడిగినట్టే "బండి చూసుకొని ఎక్కుతున్నావా" అని కూడా అడగండి. పోయిన కూలి మళ్ళీ సంపాదించుకోవచ్చు, పోయిన చెయ్యి తిరిగి రాదు.