పాట అందరిది, పేరు కర్తది



మా యెరుకలో నొక వృద్ధ ముత్తైదువ కలదు. కూతురిని అత్తవారింటికి పంపునాడు ఆమె యొక అప్పగింతల పాట కట్టినది. ఆ పాట పేరంటములవెంట ఊరూర తిరిగినది. కొంతకాలమునకు ఒక పాటల పుస్తకమున నది అచ్చుపడగా, కర్త పేరుండవలసిన చోట సేకరించినవారి పేరుండెను. ఆమె చూచి, "పాట బ్రతికినది, అంతే చాలును" అనెను. అనెనే కాని, ఆ పుస్తకమును మరల తెరువలేదు. ఆ సంగతియే మాచేత నీ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

విద్య యిచ్చినకొలది పెరుగునది గదా, దానికి హక్కులేల యని కొందరందురు. మాట నిజమే. కాని యన్నదానము పుణ్యమైనను, వండిన చేతిని మెచ్చక లేచుట మర్యాద కాదు. వండినయామెను పస్తుంచుట న్యాయమును గాదు. కావున నిందు సంగతులు రెండు: జీవనమొకటి, పేరొకటి.

మన దేశపు 1957 సంవత్సరపు కాపీరైటు చట్టము ఈ రెంటిని వేరువేరుగా నెంచినది. గ్రంథకర్త జీవించియున్నంత కాలమును, గతించిన పిమ్మట 60 సంవత్సరములును హక్కు నిలుచును. మొదట నీ గడువు 50 సంవత్సరములే. 1941లో గతించిన రవీంద్రనాథ ఠాకూరు కృతులకు 1991 తుదితో గడువు తీరవలసియుండగా, 1992 నాటి సవరణ చట్టము దానిని పెంచినది. గడువు తీరిన పిమ్మట నెవరైనను అచ్చువేసికొనవచ్చును. రచయిత భార్యాబిడ్డలకు నాలుగు రూకలు వచ్చుట న్యాయము. తరతరములకును తాళము వేసియుంచుట లోభము.

పేరు సంగతి వేరు. హక్కును అమ్మివేసినను, "ఇది నా రచన" యని చెప్పుకొను అధికారము కర్తకే యుండునని యా చట్టపు 57వ సెక్షను చెప్పుచున్నది.

ఇది మనకు క్రొత్త గాదు. మన పూర్వకవులు కృతిని ప్రభువున కంకితమిచ్చినను, ఆశ్వాసాంత గద్యమున తమ పేరు చెప్పుకొనిరి. పోతన భాగవతమున లోపించిన స్కంధములను పూరించిన గంగన, సింగన, నారయలు ఆయన పేరు మాటున దాగలేదు; ఆయన కీర్తిని తమదనియు చెప్పుకొనలేదు. ఎవరి స్కంధమున వారి పేరే కలదు.

స్త్రీల విషయమున నీ మర్యాద తరచుగా తప్పినది. తంజావూరి ముద్దుపళని తన కావ్యపీఠికలో తన వంశమును చెప్పుకొనగా, 1887 నాటి ముద్రణమున ఆ పీఠికయు, కొన్ని పద్యములును విడువబడెను. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు దానిని సమగ్రముగా అచ్చువేయించిరి. ఒక స్త్రీ పేరు నిలుపుటకు మరియొక స్త్రీ పూనుకొనవలసివచ్చెను.

కావున మా మనవి యిది. పాట నేర్చునపుడు ఎవరు కట్టిరని యడుగుడు. తెలిసినచో పేరు వ్రాయుడు. తెలియనిచో నే యూర, ఎవరి నోట వింటిరో వ్రాయుడు. సెల్‌ఫోనులో నొకరికి పంపునపుడును ఇదే మర్యాద. ఆ ముత్తైదువ పేరును మేము మా పాటల పుస్తకమున వ్రాసికొంటిమి. మా పిల్లలకు ఆ పేరుతోనే పాట నేర్పుచున్నాము.