రొట్టెల పండుగ: పక్కింటి పిన్ని అడిగిన ప్రశ్న

"మీ పండుగే కదా బాబూ, ఉద్యోగం రొట్టె ఎలా పట్టుకోవాలో కాస్త చెప్పు." పరవాడలో మా పక్కింటి పిన్ని మొహర్రం ముందు అడిగిన మాట ఇది. వాళ్ళబ్బాయి ఐటీఐ చదివి, ఫార్మాసిటీలో ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. నెల్లూరుకి రైలు టికెట్లు కూడా తీసేశారు. అమ్మేమో లోపలి నుంచి "మనం వెళ్ళం కదా, ఏం చెబుతావు?" అంది. నిజమే, నాకు సరిగ్గా తెలీదు. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా ఉంది. బారా అంటే పన్నెండు. పన్నెండు మంది షహీద్‌ల సమాధులు అక్కడ ఉన్నాయి. ఆర్కాట్ నవాబు భార్య జబ్బు అక్కడి మట్టితో నయమైందని, కృతజ్ఞతగా వచ్చి రొట్టెలు పంచారని జనంలో ఒక కథ ఉంది. ఏటా మొహర్రం నెలలో ఐదు రోజులు పండుగ జరుగుతుంది. రాష్ట్ర విభజన తర్వాత ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

పద్ధతి చాలా సులువు. కోరిక ఉన్నవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి, అదే కోరిక తీరినవాళ్ళ దగ్గర రొట్టె తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె అని పేర్లు. ఈమధ్య వీసా రొట్టె కూడా వచ్చింది. కోరిక తీరితే మరుసటి ఏడు రొట్టె చేసుకొచ్చి, ఇంకొకరికి ఇవ్వాలి. ఇచ్చేవాళ్ళెవరో, తీసుకునేవాళ్ళెవరో ఒకరికొకరు తెలియక్కర్లేదు. వచ్చేవాళ్ళలో హిందువులు చాలామంది.

మొక్కుకీ తిండికీ ముడి వేయడం కొత్తేం కాదు. మన వైజాగ్ నుంచి భీమిలి వెళ్ళే దారిలో తొట్లకొండ ఉంది కదా, అక్కడి తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఆ రోమన్లు దేవతలకు 'లీబుమ్' అనే రొట్టె పెట్టేవారు. రెండు పాళ్ళు జున్ను, ఒక పాలు పిండి, ఒక గుడ్డు కలిపి, ఆకుల మీద పెట్టి కాల్చాలని కేటో అనే రచయిత 2 వేల ఏళ్ళకు ముందే రాసిపెట్టాడు. జూన్ 9న వెస్టా దేవత పండుగకి పిండి తిరగళ్ళు తిప్పే గాడిదలకు సెలవిచ్చి, మెడలో రొట్టెల దండలు వేసేవారు. డిసెంబర్ 17న మొదలయ్యే సాటర్నాలియాలో యజమానులు, బానిసలు కలిసి విందు చేసుకునేవారు. కోరిక తీరితే మొక్కు చెల్లించి, 'ఇష్టంగా, తగినట్టుగా తీర్చాను' అని రాతి మీద చెక్కించేవారు.

తేడా ఒక్కటే. రోమన్ తన బాకీ దేవతకి కట్టేవాడు. నెల్లూరులో ఆ బాకీ తర్వాత వచ్చే మనిషికి చేరుతుంది. నేను బీకాం చదివినవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తా: ఇది వడ్డీ లేని అప్పు. తీర్చాల్సింది ఇచ్చినవాళ్ళకి కాదు, ఇంకా అవసరంలో ఉన్నవాళ్ళకి.

మరి మన ఇళ్ళలో అభ్యంతరం ఎందుకు? దువా అల్లాహ్‌నే అడగాలి, సమాధిలో ఉన్నవాళ్ళని అడిగితే షిర్క్ అవుతుందని చాలామంది ఉలమాలు చెబుతారు. ఆషూరాకి సున్నత్ రోజా అని గుర్తుచేస్తారు. దర్గాకి వెళ్ళేవాళ్ళేమో మేం అడిగేది అల్లాహ్‌నే, ఆ బుజుర్గులు వసీలా మాత్రమే అంటారు. ఈ వాదన తేల్చేంత ఇల్మ్ నాకు లేదు. మీ మసీదు ఇమామ్ గారిని అడగండి.

పిన్నికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. పద్ధతి ఇదీ, మా ఇంట్లో వెళ్ళకపోవడానికి కారణం ఇదీ అని. ఆమె నొచ్చుకుంటారేమో అనుకున్నా. "సరే బాబూ, మరి మీ అమ్మని దువా చెయ్యమను" అన్నారు. దాదాపు 600 కిలోమీటర్ల ప్రయాణం కదా, దారిలో తినమని అమ్మే చపాతీలు చేసి డబ్బాలో పెట్టిచ్చింది. ఆ రాత్రి ఇషా తర్వాత అమ్మ చేతులెత్తినప్పుడు ఆ అబ్బాయి పేరు వినిపించింది.