గాజుల చప్పుడు – గని లోపలి నిశ్శబ్దము



కొంతకాలము క్రిందట మా సంఘములోని ఒక కుటుంబముతో కలిసి పెండ్లి గాజుల కొరకు హైదరాబాదు పాతబస్తీకి వెళ్ళాము. చార్మినారు ప్రక్కనే లాడ్ బజార్. లక్క గాజులు, రాళ్ళ గాజులు, మట్టి గాజులు కొట్టు కొట్టునా మెరుస్తున్నవి. ఒక వృద్ధ వర్తకుడు రెండు మట్టి గాజులను తాకించి చెవి దగ్గర పెట్టుకొన్నాడు. హారన్లు, బేరాల కేకల మధ్య ఏమీ వినబడలేదు. లేచి వెనుక గదిలోనికి వెళ్ళి, తలుపు దగ్గరకు వేసి, మరల తాకించి చూచాడు. వచ్చి ఒక గాజును ప్రక్కన పెట్టి, "పగులు కంటికి కనబడదమ్మా, చెవికే తెలుస్తుంది" అన్నాడు.

పెండ్లికుమార్తె తమ్ముడు డిగ్రీలో భౌతికశాస్త్రము చదువుచున్నాడు. "అయ్యగారూ, గనులలో శాస్త్రవేత్తలు చేసేది కూడ ఇదే" అన్నాడు. అంతకు ఏడాది ముందు యూత్ మీటింగులో అతడు ఈ సంగతే ఎత్తితే, "అది లోకజ్ఞానము, ముందు వాక్యము చదువుకో" అని కసిరాము. ఆనాటి నుండి అతడు మీటింగులకు రావడము మానివేశాడు. ఆ దినము కొట్టు అరుగు మీద కూర్చుని, మొదటిసారి అతడు చెప్పేది విన్నాము.

1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ అను శాస్త్రవేత్త, కనబడే నక్షత్రాల బరువు చాలనంత వేగముగా నక్షత్ర మండలాలు తిరుగుచున్నవని గుర్తించాడు. 1970లలో వీరా రూబిన్ అను స్త్రీ ఆ లెక్కకు బలమైన ఆధారములు చూపింది. కనబడని పదార్థమేదో వాటిని పట్టి ఉంచుచున్నది. విశ్వములోని పదార్థములో సుమారు 85 శాతము అదేనని నేటి అంచనా. వెలుగును వెదజల్లదు, మ్రింగదు గనుక దానికి కృష్ణపదార్థము అని పేరు. బైబిలు చెప్పే పాపాంధకారమునకు దీనికి ఏ సంబంధమూ లేదు. ఎవరైనా ఆలాగు బోధిస్తే నమ్మవద్దు.

దానిని పట్టుకొనుటకు భూమి లోపలికి ఎందుకు వెళ్ళాలి? ఆకాశము నుండి మ్యూయాన్లు అను సూక్ష్మ కణములు ఎడతెగక కురుస్తుంటాయి. మన అరచేతిలో నుండి సెకనుకు సుమారు ఒకటి దూసికొని పోతుంది. అదే బజారు గోల. దానిని ఆపేది మందమైన రాయి. మన పొరుగున కోలారు బంగారు గనులలో, తెలుగువారు కూడ చెమటోడ్చిన చోట, 2 కిలోమీటర్లకు మించిన లోతున 1965లో శాస్త్రవేత్తలు న్యూట్రినోల జాడ కనుగొన్నారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. 2017లో జార్ఖండులోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున కలకత్తా సాహా ఇన్‌స్టిట్యూట్ వారు ప్రయోగశాల తెరిచారు.

అక్కడి పనిముట్టు వింతైనది. ఫ్రిజ్‌లలో వాడే ఒక ద్రవమును సన్నని బొట్లుగా జిగురు పదార్థములో నిలుపుతారు. అది మరగవలసిన వేడి దాటినా మరగక ఆగి ఉంటుంది. ఏదైనా కణము వచ్చి పరమాణు కేంద్రమునకు తగిలితే ఆ బొట్టు బుడగగా పగులుతుంది. ఆ చిన్న చప్పుడును యంత్రము వింటుంది. వెదకుచున్న కణము తేలికైనదైతే పని మరీ కష్టము. గోలీని రుబ్బురోలుకు కొడితే రోలు కదలదు. గోలీకి కొడితే కదులుతుంది. అందుకే హైడ్రోజన్, కార్బన్ వంటి తేలిక పరమాణువులున్న ద్రవమును ఎన్నుకొన్నారు. ఇటలీలో గ్రాన్ సాస్సో పర్వతము క్రింద, 1,400 మీటర్ల రాతి చాటున, అతి చల్లని స్ఫటికములతో ఇదే వెదకులాట సాగుచున్నది.

ఇంతవరకు దొరకలేదు. అయినను వారు లేని దానిని దొరికిందని చెప్పలేదు. "ఈ బరువులో, ఇంత బలముగా తగిలే కణము లేదు" అని వ్రాసి, మరల వెదకుచున్నారు. ఆ యథార్థత మమ్మును సిగ్గుపరచింది. జవాబు తెలియనప్పుడు కసరుట మాకు అలవాటైపోయింది.

యోబు గ్రంథము 28వ అధ్యాయము చదవండి. నరులు గనుల చీకటిలోనికి దిగి లోహములు వెదకుట అక్కడ ఉన్నది. వెదకుటను భక్తుడు తప్పుపట్టలేదు. జ్ఞానము మాత్రము ఏ గనిలోను దొరకదనియు, దాని చోటు దేవునికే తెలుసుననియు చెప్పాడు. కృష్ణపదార్థము రేపు దొరికినా, దొరకకపోయినా మన విశ్వాసమునకు లాభనష్టములు లేవు. దానిని దేవునికి రుజువుగా చూపుట కూడ తగదు. ఆయన చేసిన సృష్టిలో మనకు తెలియనిది ఎంతో ఉన్నదని తెలిసికొని తల వంచుట మేలు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ యువకుని క్షమాపణ అడిగాము. అతడు ఇంకా ప్రతి ఆదివారము రావడము లేదు. వచ్చినప్పుడు మాత్రము ఆరాధన తరువాత ఆగి, మాతో మాట్లాడి వెళ్ళుచున్నాడు.

తల్లిదండ్రులారా, సంఘపెద్దలారా, మన పిల్లల ప్రశ్న వెనుక చిన్న పగులు ఉండవచ్చును. అది గోలలో వినబడదు. తలుపు దగ్గరకు వేసి, వారితో కూర్చుని విందము. ప్రభువు మనకు వినే చెవి దయచేయును గాక.